మూతలు తీయని కొట్టు

ఆమె మా కొట్టుకి మొదటిసారి వచ్చింది పోట్లాడటానికే.

బయట వాన. గొడుగు కూడా ముడవకుండా లోపలికి వచ్చి, బల్ల మీద ఒక ప్యాకెట్ పెట్టింది.

"ఈ యాలకులు మీవేనా?"

ఆమె ఎవరో నాకు బాగా తెలుసు. ఎదురు కొట్టు ఓనరు. మసాలా దినుసులు మాత్రమే అమ్మే కొట్లు మా వీధిలో రెండే, మాదీ ఆమెదీ. ఇద్దరికీ సరుకు ఒకే హోల్‌సేల్ షాపు నుంచి వస్తుంది. అయినా అక్కడ గుమ్మం దాకా జనం, ఇక్కడ నేనూ ఈగలూ. ఆ రహస్యమేమిటో కనిపెడదామని నెల రోజులుగా అద్దంలోంచి అటే చూస్తున్నాను. లైట్లా? బోర్డా? ఆమె నవ్వా? నవ్వు దగ్గరికి వచ్చేసరికి నా పరిశోధన ఆగిపోయేది.

"మావే. అయితే ఏంటి?" అన్నాను.

"మీ దగ్గర కొన్నావిడ నా దగ్గరికొచ్చి గోల పెట్టింది. పాచి కంపట."

"మావి ఫస్ట్ క్వాలిటీ. మీకు కుళ్ళు."

"కుళ్ళా? ఈ కొట్టు చూసా?" అని చుట్టూ చూసింది. గోడల నిండా సీలు వేసిన ప్యాకెట్లు. వాటి పైన నేనే రాసిపెట్టిన అట్ట: 'విప్పరాదు'.

ఆమె నా యాలకులు రెండు ఎడమ అరచేతిలో వేసి నలిపింది. సంచిలోంచి తనవి తీసి కుడిచేతిలో నలిపింది. రెండు చేతులూ నా ముఖం ముందు పెట్టింది.

"వాసన చూసి చెప్పండి. మీ మనస్సాక్షిగా."

వంగి గట్టిగా పీల్చాను. ఆమె వేళ్ళు ఎంత సన్నగా ఉన్నాయో అప్పుడే చూశాను. ఏ చేతిలో ఎవరివి వేసిందో మాత్రం చూసుకోలేదు.

"ఇది మాది. ఘుమఘుమలాడిపోతోంది," అని కుడిచెయ్యి చూపించాను.

"మరి ఇది?"

"ఇదీ పర్లేదు. కాస్త ఘాటు తక్కువ, అంతే."

ఆమె కోపం ఒక్కసారిగా చల్లారిపోయింది. ఎడమచేతిని తన ముక్కు దగ్గరికి తెచ్చుకుని మొహం చిట్లించి, నా వైపు చూసింది.

"ఇది తడిగోడ కంపు కొడుతోంది," అంది మెల్లగా. "మీకు... వాసన రాదు కదూ?"

"జలుబు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు బయటికి నడవండి!" అని అరిచాను.

ఆమె వెళ్ళిపోయింది. నేను కుర్చీలో కూలబడ్డాను.

రెండేళ్ళయింది. నాన్న పోయిన మూడో నెలలో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ నా ముక్కుని కూడా పట్టుకుపోయింది. ఇక తిరిగి రాదని డాక్టర్ చెప్పేశాడు. మా కొట్టు నడిచిందే నాన్న ముక్కు మీద. ఏది తాజా, ఏది పాత, మూత తీయగానే చెప్పేవాడు. నాకు తెలియదని తెలిస్తే ఎవరు కొంటారు? అందుకే అన్నిటికీ సీలు వేశాను. మేడ మీద ఉండే అమ్మకి కూడా చెప్పలేదు. నాన్నని మరిచిపోలేక కుమిలిపోతున్న మనిషికి, ఆయన కొట్టు ఒక మొద్దు ముక్కువాడి చేతిలో ఉందని ఎలా చెప్పను? ఇక మూసేయడమే మేలనిపించింది. కానీ ఎందుకు మూస్తున్నావని అమ్మ అడుగుతుంది.

మర్నాడు రిటైరైన టీచరమ్మ ఒకావిడ తడుస్తూ వచ్చింది.

"జాజికాయ కావాలి నాయనా. ఒకసారి విప్పి చూపిస్తావా?"

"విప్పమండీ."

"మళ్ళీ అదే మాటా!" అని నిట్టూర్చింది. "తన దగ్గర ఏది అయిపోయినా ఎదురమ్మాయి ఇక్కడికే పంపుతుంది. నువ్వేమో విప్పవు. వాసన చూడకుండా నేను కొనను. ఇది నాలుగోసారి."

"ఆవిడ పంపుతోందా? ఎప్పటి నుంచి?"

"కొట్టు పెట్టిన రోజు నుంచీ."

గొడుగు కోసం కూడా చూసుకోకుండా వీధి దాటాను. ఆమె డబ్బాల మధ్య నిలబడి ఒక పిల్ల అరచేతిలో దాల్చిన చెక్క నలుపుతోంది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుంది.

"నా కొట్టుకి మనుషుల్ని ఎందుకు పంపుతున్నారు?" అన్నాను. "జాలా?"

"నిన్నటిదాకా నాకేం తెలుసని జాలి? మీ నాన్నగారి మీద గౌరవం." ఆమె ఆ పిల్ల వైపు చూసింది. "నేను ఆ పిల్లంత ఉన్నప్పుడు మీ నాన్నగారు నా చేతిలో ఇలాగే నలిపిపెట్టారు. కొన్నా కొనకపోయినా, వచ్చిన ప్రతివాళ్ళకీ పెట్టేవారు. జనం దానికోసమే వచ్చేవారు. ఇక్కడ జనం ఉన్నది నా గొప్పతనం వల్ల కాదండీ. మీ ఇంటి పద్ధతి మీరు మానేశారు, నేను పట్టుకున్నాను. అంతే."

నెల రోజులు అద్దంలోంచి చూసి నేను కనిపెట్టలేకపోయింది మా నాన్ననే. సిగ్గుతో నేల చూశాను.

"నాకు వాసన రాదు," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"పదండి," అందామె.

మా కొట్లో ప్యాకెట్లన్నీ కోసింది. ఒక్కొక్కటీ పీల్చి, "ఇది పోయింది, ఇది ఉంది, ఇది పూర్తిగా పోయింది," అంటూ సగానికి పైగా చెత్తబుట్టలో వేసింది. మిగిలినవి డబ్బాల్లో పోసి, మూతలు తీసి వరసగా పెట్టింది.

మేడమెట్ల మీద పరుగులాంటి అడుగులు. చిన్నమంట మీద ఏదో వదిలేసి వచ్చినట్టు, చేతిలో గరిటెతో అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. కళ్ళు మూసుకుంది.

"మీ నాన్న వచ్చినట్టుందిరా," అంది.

ఆ గదంతా మా నాన్నే ఉన్నాడు. నాకు తప్ప అందరికీ అందుతున్నాడు. ఏడుపు ఆగలేదు.

"అమ్మా, నాకేమీ రావడం లేదు. రెండేళ్ళయింది. ఏ వాసనా రావడం లేదు."

అమ్మ చేతిలోని గరిటె బల్ల మీద పెట్టేసి, నా తలని గుండెలకి అదుముకుంది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, పొయ్యి ఆర్పి వస్తానని పైకి వెళ్ళింది.

బయట చీకటి పడకుండానే మబ్బు కమ్మింది. ఇద్దరమే మిగిలాం.

"మీరంటే నాకిష్టం," అన్నాను. "కానీ మీ పక్కన నిలబడితే ఏ వాసన వస్తుందో నాకు ఎప్పటికీ తెలియదు."

"పొద్దుటి నుంచి ఎండుమిర్చి ఎత్తిపోశాను. తెలియకపోవడమే మంచిది," అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు. దగ్గరికి జరిగి నా భుజం దగ్గర నెమ్మదిగా గాలి పీల్చింది.

"మీరు మాత్రం," అంది, "వానలో తడిసిన లవంగాల సంచీలా ఉన్నారు. రోజూ నేను చెప్తాలెండి."