గడ్డి కింద గొయ్యి

"మా ఆయన చెరువులో మునిగిపోయాడంటే నేను నమ్మనండి. చేపలా ఈదేవాడు," అందామె, కుర్చీలో కూర్చోకుండానే.

ఆమె భర్త ప్రభుత్వ ఇంజనీరు. మూతబడ్డ బొగ్గుగని నేలను బాగుచేసి పార్కుగా మార్చే పనికి తనిఖీ అధికారి. ప్రారంభోత్సవానికి ముందు, పార్కులోని పడవల చెరువులో శవమై తేలాడు. కాలు జారిందన్నారు పోలీసులు. ప్రారంభోత్సవం వారం వాయిదా పడింది, అంతే.

ప్లీడరుగారు చివరిదాకా విన్నారు. కోర్టు మానేసి డిటెక్టివ్ అయినా జనానికి ఆయన ఇంకా ప్లీడరుగారే.

"ఆ రోజు బట్టలున్నాయా అమ్మా?"

"ఆస్పత్రివాళ్ళు ఇచ్చారు. మూట విప్పడానికి చేతులు రాలేదు."

ఆమె ఇంట్లో ప్లీడరుగారి సహాయకుడు మూట విప్పాడు. తెల్ల చొక్కా కాలరూ ఛాతీ తుప్పురంగుకి తిరిగాయి. పెరట్లో తీగమీద ఇద్దరు దూరేంత చొక్కా ఒకటి ఆరుతోంది. దాని చేతులకు మోచేతిదాకా అదే రంగు.

"అది మా తమ్ముడిది. పార్కు కాంట్రాక్టు వాడిదే, మాతోనే ఉంటాడు. ఎంత ఉతికినా ఆ మరక వదలట్లేదు," అందామె.

తమ్ముడు పార్కులోనే దొరికాడు.

"బావగారు పోయిన రోజు నేను ఇటువైపే రాలేదండీ. పొద్దస్తమానం ఆఫీసులోనే ఉన్నా. ఆయన నాకు తండ్రితో సమానం."

"పాత గనిబావులు పూడ్చారా?" అడిగారు ప్లీడరుగారు.

"రాళ్ళూ కాంక్రీటూ పోసి మూసేశాం. పైన ఏనుగు నడిచినా కదలదు."

ప్లీడరుగారు చెరువులో చేతిరుమాలు ముంచి పిండారు. అది తెల్లగానే ఉంది. అక్కణ్ణించి ఊయల దగ్గరికి నడిచారు. చుట్టూ పచ్చని గడ్డి. ఊయల కింద మాత్రం గుండ్రంగా ఎండిపోయింది. ఆయన మొహం కందగడ్డ అయింది.

"ఏమైందండీ?" అడిగాడు సహాయకుడు. ఆయన కోపం అతనెప్పుడూ చూడలేదు.

"కడుపు మండుతోందయ్యా. ఇన్‌స్పెక్టరునీ మున్సిపల్ చైర్మన్‌నీ రమ్మను. ఇంజనీరు భార్యను కూడా."

సాయంత్రం అందరూ ఊయల దగ్గర చేరారు.

"చెరువు నీళ్ళకి రంగు లేదు. ఇంజనీరు చొక్కాకి తుప్పురంగు పట్టించింది ఇనుము కలిసిన గనినీళ్ళు," అన్నారు ప్లీడరుగారు. "అంటే మూసేశామన్న బావి తెరిచే ఉంది. చెక్క పలకల మీద పల్చగా మట్టి పరిచారు. వేరు దిగే లోతు లేక గడ్డి ఎండింది. ఇంజనీరు పలక ఎత్తి చూశాడు. పైకంటా నిండిన నీళ్ళలో ఎవరో అతని తల అదిమిపట్టి, శవాన్ని చెరువులో పడేశారు. ఇక్కడ వదిలేస్తే బావి బయటపడుతుందిగా. అదిమినవాడి చొక్కా చేతులకు ఆ మరక ఇంకా ఉంది."

"ఇవన్నీ ప్రారంభోత్సవం అయ్యాక మాట్లాడుకుందామండీ," నసిగాడు చైర్మన్.

"ముందు ఎవర్ని ఎక్కిస్తారు ఊయల? మీ మనవల్నా?"

చైర్మన్ ఊయలకు దూరంగా జరిగాడు. ప్లీడరుగారు కాంట్రాక్టరు వైపు తిరిగారు.

"ఏనుగు నడిచినా కదలదన్నావు. వచ్చి ఇక్కడ నిలబడు."

కాంట్రాక్టరు ఒక్క అడుగూ వేయలేదు.

"ఈ గని ఎందర్ని మింగిందో ఈ ఊరికి తెలుసు. ఇక మింగకూడదని జనం సొమ్ము చేతిలో పెడితే, దిగమింగి, దాని నోటికి చెక్కమూత పెట్టి పైన ఊయల కట్టావు."

ఇన్‌స్పెక్టరు మనుషులు మట్టి తోసి పలక లేపారు. కింద తుప్పురంగు నీళ్ళు తళతళలాడాయి.

"ఎంత బతిమాలినా బావ వినలేదక్కా," అన్నాడు తమ్ముడు. "పై వాళ్ళకి రాస్తానన్నాడు."

ఆమె ఏడవలేదు. అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"పాపని ఈ ఊయల ఎక్కనీయొద్దని నిన్న నాకు చెప్పావు. తండ్రి లేని పిల్లమీద ప్రేమనుకున్నాను. మిగతా పిల్లలకి మేనమామలు లేరనుకున్నావట్రా?"

ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"తీసుకుపోండి," అంది.