జీడి గుర్తు

పొద్దున్నే మునిలక్ష్మి ఇంట్లో నిదానంగా జరిగే పని ఒక్కటీ ఉండదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఆవిడ చేతులు కారేజీ మూత బిగిస్తుంటాయి, నోరు మాత్రం కూతురి వెంట పడుతుంటుంది.

"పెరుగన్నం పెట్టినా. నిమ్మకాయ ఊరగాయ పక్కన పెట్టినా. పిల్లోళ్ళతో అరిసి గొంతు పోగొట్టుకోబాక."

"సరే మా. ఇయ్యి, బస్సు పోతాది," అంది హేమలత, తల్లి ముఖం చూడకుండా చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

హేమలత పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. రోజూ మదనపల్లె నుంచి బస్సులో పోయి వస్తుంది. ఆ ఉద్యోగం కూతురిదే అయినా, దాని వల్ల వచ్చిన గొప్పంతా మునిలక్ష్మిదే. ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతూ, ఇళ్ళలో పాత బట్టలు తీసుకుని బదులుగా స్టీలు గిన్నెలు ఇస్తుంది. గిన్నె చేతిలో పెట్టేటప్పుడు "మా పాప టీచరమ్మా" అనకుండా ఒక్క గడప కూడా దిగదు. అడగనివాళ్ళకు ఇంకాస్త వివరంగా చెబుతుంది.

తెచ్చిన బట్టలను భర్త గంగులప్ప కుట్టు మిషను మీద బాగుచేస్తాడు. గుండీలు వేస్తాడు, చిరుగులు కలుపుతాడు. అన్నిటికంటే ముఖ్యమైన పని కాలరు తిప్పడం. బట్టలు ఉతికేవాళ్ళు ఏ చొక్కా ఏ ఇంటిదో తెలియడానికి కాలరు లోపల నల్లజీడి రసంతో చిన్న గుర్తు పెడతారు. ఎన్ని ఉతుకులు ఉతికినా అది పోదు. అందుకని కాలరు విప్పి, తిరగేసి, గుర్తు లోపలికి పోయేలా మళ్ళీ కుట్టాలి. లేకపోతే కుప్పం సంతలో మునిలక్ష్మి మాట చెల్లదు. అక్కడ ఆవిడ వాటిని బెంగళూరు ఫ్యాక్టరీలో మిగిలిన సరుకని చెప్పి అమ్ముతుంది. ముప్పై ఏళ్ళలో "పాతవి" అన్న మాట కొనేవాళ్ళ ముందు ఆవిడ నోట రాలేదు.

నెల రోజులుగా ఆవిడకు మనసు మనసులో లేదు. మూట తేలికవుతోంది. మంచి చొక్కాలు, ఒకటి రెండు పట్టుచీరలు, కళ్ళారా చూసి మడతపెట్టినవి, సంత రోజుకు కనబడడం లేదు. మొగుణ్ణి అడిగితే "యాడికి పోతాయి మే, అడుగున ఉంటాయి సూడు" అంటాడు. అడుగున చూసింది. పైన చూసింది. అటకెక్కి కూడా చూసింది. ఎలుకలు తిన్నాయనుకోవడానికి ఎలుకలు పట్టుచీరలే ఏరుకుని తినవు కదా.

ఆ వారం కుప్పం సంతలో నీలం చొక్కా వేసుకున్న ఒకాయన ప్యాంట్ల కుప్ప మీదికి వంగాడు. మెడ దగ్గర కాలరు కొంచెం పక్కకు జరిగింది. లోపల మూడు చుక్కలు, కింద ఒక గీత. అది వాల్మీకిపురంలో వకీలు గారింటి గుర్తు. ఆ నీలం చొక్కాను పాలగిన్నెకు బదులుగా తీసుకున్నది తనే.

"ఏం నాయనా, ఈ సొక్కా యాడ కొన్యావు?"

"పుంగనూర్లో. బస్టాండు కాడ పాతగుడ్డల అంగడి పెట్టినార్లే," అన్నాడతను. "నీ మాదిరి ఫ్యాక్టరీ సరుకని సెప్పరు ఆడ. పాతదాన్ని పాతదనే సెప్పి ఇస్తారు."

ఆ మాట మునిలక్ష్మికి చెంప మీద కొట్టినట్టయింది. మూట సగంలోనే కట్టేసి బస్సెక్కింది. దారి పొడుగునా మొగుణ్ణి మనసులోనే నాలుగు సార్లు చంపి, మూడు సార్లు క్షమించింది.

"ఎవురికి అమ్ముతాండావు?" అంది గడపలోంచే. "నా సరుకు నా ఇంట్లోంచి ఎత్తకపోయి ఆ పుంగనూరోళ్ళకు అమ్ముతాండావా? కాలరు గూడా తిప్పకుండా?"

గంగులప్ప తేలు కుట్టిన దొంగలా దారం లేని మిషనును కాసేపు తొక్కాడు. ఇక లాభం లేదని కాళ్ళు ఆపాడు.

"నేను అమ్మలేదు మే. పాపకిచ్చినా."

"పాపకు యాల? బడికి పోయే బిడ్డకు పాతగుడ్డలు యాల?"

"బడి మానేసి నెలన్నరయింది. ఆ అంగడి పాపదే," అన్నాడు గంగులప్ప తల దించుకుని. "నీకు సెప్పేదానికి మా ఇద్దరికీ ధైర్యం సాల్లేదు."

ఆ రోజు హేమలత ఇంటికి వచ్చాక మునిలక్ష్మి ఏమీ ఎరగనట్టే అన్నం పెట్టింది. మర్నాడు కారేజీ కట్టిచ్చి, కూతురు ఎక్కిన బస్సు తర్వాతి బస్సెక్కింది. ముప్పై ఏళ్ళలో జ్వరం లేకుండా గంప ఎత్తని మొదటి రోజు అదే.

మొదట బడికే పోయింది. మొగుడి మాట అబద్ధం కావాలని దేవుడికి మొక్కుకుంటూ పోయింది. హెడ్మాస్టరమ్మ మంచి మనిషి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "హేమలత పాఠాలు బాగా చెప్తుందమ్మా. ఆ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కానీ రేపు వేరే అమ్మాయిని తీసుకుంటున్నాం. ఈరోజు సాయంత్రం లోపల వస్తే చేర్చుకుంటాను," అంది. మునిలక్ష్మి ఆవిడ చేతులు పట్టుకుని, పిలుచుకొస్తానని మాటిచ్చి, బస్టాండు వైపు పరుగులాంటి నడకతో పోయింది.

సందులాంటి గది అది. అడ్డంగా కట్టిన తాడుకు హ్యాంగర్లు, వాటికి తన మూటలోని చొక్కాలు, చుడీదార్లు. ఇస్త్రీ మడతల్లో కొత్త పెళ్ళికొడుకుల్లా వేలాడుతున్నాయి. తలుపు మీద హేమలత గుండ్రటి అక్షరాలతో అట్టముక్క: పాత బట్టలు కొంటాము, అమ్ముతాము. మునిలక్ష్మి అక్షరాలు కూడబలుక్కుని చదివింది. అంత పెద్దగా రాయాలా అనిపించింది.

హేమలత తల్లిని చూసి లేచి నిలబడింది. పారిపోవడానికి ఆ గదికి రెండో తలుపు లేదు.

"నడువు. హెడ్మాస్టరమ్మ సాయంత్రం దాకా సూస్తానన్నది."

"నేను పోను మా."

"ఈ మూట నీ నెత్తికి ఎక్కకూడదనే కదా నేను నెత్తిన పెట్టుకునింది? నువ్వు దాన్ని నా నుంచి దొంగిలించి మరీ ఎక్కించుకుంటివే." మునిలక్ష్మి వేలాడుతున్న చొక్కాల వైపు చెయ్యి విసిరింది. "ఊరంతా మా పాప టీచరని సెప్పుకున్యా. రేపు ఆ ఇండ్లకు ఏ మొగం పెట్టుకుని పోవల్ల?"

"అబద్ధమాడింది తప్పే. నువ్వు ఒప్పుకోవని ఆడినా," అంది హేమలత. "బడిలో తోటి టీచర్లు మీ అమ్మ ఏం చేస్తాదని అడిగితే వ్యాపారం అంటాంటిని. ఏం వ్యాపారమంటే నోరు రాదు. నువ్వు సంతలో దాస్తావు, నాయన కాలర్లో దాస్తాడు, నేను బడిలో దాస్తాంటిని. నాకు విసుగొచ్చింది మా. గుడ్డ చూస్తే నాకు చేతులు ఆగవు. నువ్వు వెండి కోసం జరీ కాల్చేవాళ్ళకు ఇచ్చేస్తావే పట్టుచీరలు, అట్లాటిదొకటి నెట్ సెంటరుకు పోయి ఫొటో పెట్టినా. బెంగళూరులో ఒకామె కట్టుకునేదానికి తెప్పించుకునింది. పాతదని తెలిసే తీసుకునింది."

"నాకు కతలు సెప్పబాక," అని మునిలక్ష్మి హ్యాంగర్లు లాగడం మొదలుపెట్టింది. చొక్కాలు కింద పడుతున్నాయి. హేమలత అడ్డుపడలేదు. అడ్డుపడి ఉంటే మునిలక్ష్మికి కొంచెం తేలికగా ఉండేది.

అప్పుడే ఒకామె గడప ఎక్కింది. పేరు కృష్ణమ్మట, రామసముద్రం నుంచి వచ్చింది. చేతులకు టమోటా తోట మరకలు ఇంకా వదల్లేదు.

"నా బిడ్డ రేపు నర్సు ట్రైనింగులో సేరతాది. తెల్ల సుడీదారు కావల్లమ్మా," అంది. మునిలక్ష్మి చేతిలో ఉన్నదాన్నే పట్టుకుని చూసి, "ఇది బాగుండాదే. నాకు సదువు రాదు, బయట ఏం రాసినారో తెలీదు. కొత్తదేనా?"

ఫ్యాక్టరీ సరుకమ్మా అన్న మాట మునిలక్ష్మి నాలుక చివరి దాకా వచ్చింది. ముప్పై ఏళ్ళ అలవాటు, దానంతటదే వస్తుంది. హేమలత తల్లి వైపే చూస్తోంది. మునిలక్ష్మి వేళ్ళు బట్ట మీద తిరిగి చంక దగ్గర ఆగాయి. ఈమె బిడ్డ రేపు నలుగురిలోకి వెళుతుంది. చెయ్యెత్తితే ఇది చిరుగుతుంది.

"పాతదమ్మా," అంది. "ఎవురో తొడిగి ఇడిసిందే. ఇది నీకు వద్దు, సంక కింద పోగు నలిగింది. రెండు ఉతుకులకు సినిగిపోతాది. ఉండు." తాడు మీంచి ఇంకొకటి తీసి వెలుతురులో పట్టి, కుట్టు గీరి చూసింది. "ఇది తీసుకో. ఇదీ పాతదే. అయినా ఐదేండ్లు వస్తాది."

కృష్ణమ్మ వెళ్ళిపోతుందని మునిలక్ష్మి ఎదురుచూసింది. పాతది అంటే జనం చెయ్యి కడుక్కుని పోతారని ఆవిడ నమ్మకం. కృష్ణమ్మ మాత్రం అక్కడే కింద కూర్చుంది.

"పాతదైతే ఏమిలే. సెడ్డదాన్ని సెడ్డదని సెప్పినావు," అంది. "నా మొగునికొక సొక్కా గూడా నువ్వే సూసియ్యి."

ఆమె వెళ్ళాక మునిలక్ష్మి స్టూలు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎన్నాళ్ళదో ఏడుపు ఒకేసారి ఏడ్చింది. హేమలత పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"పాతవంటే ఎవురూ కొనరనుకున్యా పాపా. సంతలో ఎవురన్నా కాలరు తిప్పి సూస్తాంటే నాకు సెమట్లు పట్టేవి. ఇన్నేండ్లు దొంగ మాదిరి బతికినానే. నేనేం దొంగిలించినానని?"

హేమలత ముందుకు వంగి, తల్లి చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది. కొంతసేపటికి తల ఎత్తింది.

"నువ్వు రమ్మంటే బడికి వస్తా మా. ఇంకా టైముంది."

మునిలక్ష్మి కింద పడిన చొక్కాలన్నీ ఏరి, దుమ్ము దులిపి, ఒక్కొక్కటే కూతురి చేతికిచ్చింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"నువ్వు అంగడి సూసుకో. పిలుచుకొస్తానని ఆయమ్మకు మాటిచ్చినా, నేనే పోయి సెప్పొస్తా. నా బిడ్డ రాదమ్మా, అంగడి పెట్టుకునిందని సెప్తా. ఏం అంగడని అడుగుతాది గదా," అని తలుపు మీది అట్టముక్క వైపు చూసింది. "పాతగుడ్డల అంగడి, మాదేనని సెప్తా."

చెప్పి బయటికి నడిచింది. వచ్చినప్పటి పరుగు ఆ నడకలో లేదు.