శుభ్రంగారు పారబోసినవి

ఆ అమ్మాయిని చూడగానే అతనికి చిరాకేసింది. ప్రేమకథలో మొదటిచూపు ఇలా ఉండకూడదని అతనికీ తెలుసు. కానీ ఆమె వస్తూనే హ్యాండ్‌బ్యాగు తెచ్చి అతని బెంచి మీద పెట్టింది. ఆ బెంచిని అతను రోజూ స్పిరిట్‌తో తుడుస్తాడు. తుడిచిన గుడ్డని మళ్ళీ ఉతుకుతాడు. ల్యాబులో అందరూ అతన్ని శుభ్రంగారు అనేది అందుకే.

"ఆ బ్యాగు తీస్తారా?"

"తీసి ఎక్కడ పెట్టుకోను?"

"నా బెంచి మీద తప్ప ఎక్కడైనా."

"వచ్చే నెల నుంచి ఇది నా బెంచి అని ల్యాబు హెడ్ సార్ అన్నారే."

సార్ అలా అన్న మాట నిజమే. అతని పని పెద్దపేగు క్యాన్సర్ కణాలను చంపడం. మామూలు కణం పాడైతే తనంతట తానే చచ్చిపోతుంది. చావమనే ఆజ్ఞ దాని లోపలే ఉంటుంది. ఈ క్యాన్సర్ కణాల్లో మాత్రం ఒక జన్యువు అవసరానికి మించి పనిచేస్తూ ఆ ఆజ్ఞకు అడ్డుపడుతుంది. మరణశిక్షకు ఎప్పటికప్పుడు స్టే తెస్తుంది కాబట్టి ల్యాబులో దాని ముద్దుపేరు లాయరు. లాయరు నోరు మూయిస్తే కణాలు చావాలి. అతను మూడేళ్ళుగా మూయిస్తూనే ఉన్నాడు. అవి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఇంట్లోనూ ఇదే దిగులు. సాయంత్రం బస్సులో ఉండగా తల్లి ఫోన్ చేస్తుంది. ఆవిడ గొంతు స్పీకర్ పెట్టకపోయినా పక్కవాళ్ళకు వినబడుతుంది.

"ఏరా, చచ్చాయా?"

"లేదమ్మా."

"ఒక్కటన్నా?"

"ఏవో కొన్ని చచ్చాయి. అవి నేను ముట్టుకోకపోయినా చస్తాయి."

ఈపాటికి పక్కసీటాయన లేచి వేరే సీటు వెతుక్కుంటూ ఉంటాడు.

నెలాఖరు మీటింగులోపు కణాలు చావకపోతే ప్రాజెక్టు మూసేస్తామని సార్ తేల్చేశారు. బెంచి కొత్తమ్మాయికి, అతనికి ఇంకో ఊళ్ళో ఇంకో ఉద్యోగం. అతనికి కణాల్ని చంపడం తప్ప వేరే పని రాదు. అదీ రాదని ఇప్పుడు తేలబోతోంది.

ఈలోగా పని నేర్పమని ఆమెను అతనికే అప్పగించారు. ల్యాబులో మాస్కు, టోపీ, గౌను, గ్లవ్స్ వేసుకున్నాక మనిషిలో మిగిలేవి కళ్ళు మాత్రమే. ఆమె కళ్ళు బాగుంటాయని అతను ఒప్పుకోవడానికి వారం పట్టింది. ఒప్పుకున్నది కూడా తనలో తానే.

ఒక రోజు ఆమె వచ్చి మెల్లిగా చెప్పింది. "నా కణాలు చచ్చాయి."

"ఎన్ని?"

"దాదాపు సగం."

"వాటిని చంపింది మీరు, లాయరు నోరు మూయించడం కాదు. ఆ బ్యాగు పట్టుకున్న చేత్తోనే కణాలు పెంచే గిన్నె పట్టుకుని ఉంటారు. ఏ ఫంగస్సో పట్టి ఉంటుంది."

"జన్యువుని ముట్టుకోని గిన్నె కూడా నా చేతిదే కదండీ. అందులోవి హాయిగా ఉన్నాయి మరి."

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరు ఎలా చేస్తారో ఒకసారి చూస్తాను. పక్కనే కూర్చుంటాను, మాట్లాడను," అంది ఆమె.

"మాట్లాడకుండా ఉండగలరా?"

"ఉండలేను. ప్రయత్నిస్తాను."

బయట వాన మొదలైంది. ఇలాంటి వానలో ఏ జంటైనా కిటికీ దగ్గర నిలబడుతుంది. వీళ్ళు కిటికీకి వీపు పెట్టి క్యాన్సర్ గిన్నె మీద వంగారు. అతను గిన్నెను ఓరగా వంచాడు. కణాల మీదున్న ద్రవాన్ని గొట్టంతో పీల్చి వేస్ట్ బాటిల్లోకి పంపాడు. ఉప్పునీళ్ళు పోసి కడిగి అదీ పంపాడు. మళ్ళీ కడగబోతుంటే ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఆగండి. ఏంటది, పారబోస్తున్నారు?"

"పైన తేలే చెత్త. లెక్కపెట్టే ముందు శుభ్రం చెయ్యాలి కదా."

"ఆ చెత్తని ఎప్పుడైనా మైక్రోస్కోపులో పెట్టి చూశారా?"

అతను గొట్టం పక్కన పెట్టాడు. బతికున్న కణం గిన్నె అడుగుని పట్టుకుని ఉంటుంది, చచ్చేది పట్టు వదిలి పైకి తేలుతుంది. ఈ సంగతి అతనికి తెలియక కాదు. పాఠం చెప్పమంటే గంటసేపు చెప్పగలడు. కానీ తేలేదేదైనా కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు. చచ్చినవాటిని శుభ్రంగా పారబోసి, బతికినవాటిని జాగ్రత్తగా లెక్కపెట్టి, ఏవీ చావడం లేదని ఇన్నాళ్ళూ బెంగపెట్టుకున్నాడు.

రెండో గిన్నె మీది ద్రవాన్ని పారబోయకుండా తీసి, మిషన్‌లో గిర్రున తిప్పి, అడుక్కి దిగినదానికి రంగు వేశారు. చచ్చేవి ఆకుపచ్చగా మెరుస్తాయి. ముందు ఆమె చూసి పక్కకు జరిగింది.

"నువ్వే చూడు," అంది.

అన్నాక నాలుక కరుచుకుంది. అతను అది గమనించే స్థితిలో లేడు. కంటికి ఆనినంత మేరా ఆకుపచ్చ చుక్కలే. జన్యువుని ముట్టుకోని గిన్నెలోది పెట్టి చూస్తే ఎక్కడో ఒకటీ అరా. అతనికి ఏడుపొచ్చింది. అది సంతోషమో సిగ్గో తేల్చుకునే తీరిక లేకపోయింది.

"మూడేళ్ళు," అన్నాడు.

"ఏడవకు. మాస్కు తడిస్తే మళ్ళీ మార్చుకోవాలి."

నెలాఖరుదాకా ఇద్దరూ కలిసి అదే పని మళ్ళీ మళ్ళీ చేశారు. ప్రతిసారీ కణాలు మర్యాదగా చచ్చాయి. మీటింగులో అతను జరిగింది జరిగినట్టు చెప్పి, కనిపెట్టింది ఆమె అని కూడా చెప్పాడు. సార్ దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"సరే, ప్రాజెక్టు బతికింది. బెంచి నీదే. అమ్మాయీ, నువ్వు కింది ఫ్లోర్లో బ్రెడ్డు పొంగించే ఈస్ట్ మీద ప్రాజెక్టుకి వెళ్ళిపో. అక్కడ మనిషి కావాలంటున్నారు."

"అలాగే సార్," అంది ఆమె. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

మధ్యాహ్నం అట్టపెట్టెలో సామాను సర్దుకుని ఆమె మెట్లు దిగుతుంటే అతను వెనకాలే పరిగెత్తాడు.

"నా ప్రాజెక్టు నిలబడితే నిన్ను పంపేస్తారని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పావు? మీటింగ్ అయ్యేదాకా ఊరుకుంటే బెంచి నీకే దొరికేది."

"దొరికేది. నువ్వు దొరికేవాడివి కాదు."

అతను ఏదో తెలివైన మాట కోసం వెతికాడు. దొరకలేదు.

"నాకు నువ్వంటే చాలా ఇష్టం," అన్నాడు.

"నాక్కూడా. ఈ పెట్టె పట్టుకో, బరువుగా ఉంది."

అతను పెట్టె అందుకున్నాడు. ఈస్ట్ ల్యాబు సరిగ్గా ఆ మెట్ల కిందే ఉంది. వాళ్ళిద్దరూ అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది.