మూసుకోకూడని రంధ్రం

సోమవారం పొద్దున ప్రసన్నకుమారి మూడు నెలల పాపకు ఉగ్గుగిన్నెతో పాలు పడుతుంటే పక్కింటి శివకుమారి వాకిట్లోంచే పలకరించింది.

"పాప గుండెలో రంధ్రం మూసుకుపోతాండాదంట గదా ప్రసన్నా. నిన్న చర్చిలో మీ అత్త సాక్ష్యం చెప్తాంటే అందరం ఏడ్చినాం. ఇంగ కొంచేపటికి ఆడోళ్లమంతా మీ ఇంటికి కృతజ్ఞత ప్రార్థనకు వస్తాండాం."

ప్రసన్న చేతిలో గిన్నె ఆగిపోయింది. పాపకు ఆయాసంగా ఉందని నిన్న ఆమె చర్చికి వెళ్లలేదు. వెళ్లుంటే ఆ సాక్ష్యాన్ని సగంలోనే ఆపించేది.

కమలాపురంలో వాళ్ల చర్చివాళ్లకు జ్వరం తగ్గినా, బర్రె సుఖంగా ఈనినా ఆదివారం లేచి నిలబడి చెప్పుకోవడం అలవాటు. అందులో తప్పేమీ లేదు. కానీ శుక్రవారం కడపలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి "రంధ్రం చిన్నదైంది" అనగానే అత్త రాహేలమ్మ "స్తోత్రం" అంటూ లేచి వరండాలోకి పోయి మోకాళ్లూనింది. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిందేదీ ఆమె చెవిన పడలేదు. అన్నీ విన్న ఆమె కొడుకు యేసుప్రసాద్ మాత్రం నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాడు. తల్లికి తనే చెప్తానని భార్యకు మాటిచ్చాడు కూడా.

అతను తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"తిరుపతి ఆస్పత్రికి కారు మాట్లాడినావా?" అని అడిగింది ప్రసన్న.

అతను చూపు తిప్పుకున్నాడు. "వచ్చే వారం పోదాంలే. అమ్మ అందరి ముందరా సాక్ష్యం చెప్పిండాది. మర్సటిదినమే ఆపరేషన్‌కు పోతే జనం ఏమనుకుంటారు?"

ప్రసన్నకు ఒళ్లు మండిపోయింది. "వెంటనే పోవాలని డాక్టరమ్మ చెప్పిందా లేదా? నువ్వు తలూపినావా లేదా? మీ అమ్మకు చిన్నతనం రాకూడదు. నా బిడ్డ ఏమైనా పర్వాలేదు. అంతేనా?"

"మెల్లగా మాట్లాడు. అమ్మ వింటాది."

"వినాలనే మాట్లాడతాండా."

వచ్చేవాళ్ల కోసం టీ కాస్తున్న రాహేలమ్మ వంటింట్లోంచి విసురుగా వచ్చింది. "దేవుడు మేలు చేస్తాంటే ఏం మాటలే అవి? దానంతట అది మూసుకుపోయేదానికి బిడ్డను కోయిస్తావా? పుల్లన్న మనవడికి మూసుకుపోలేదా? వాడు ఇప్పుడు వీధంతా ఉరుకుతాండాడు."

"ఆ పిల్లోని గుండెలో తలుపులన్నీ ఉండాయత్తా. మన పాపకు ఒక తలుపే పుట్టలేదు." ప్రసన్న కోపం తగ్గలేదు. "గుండెలో కుడిపక్క పైగదిలోంచి కిందగదిలోకి రక్తం దిగేదానికి దోవ లేదు. అది సుట్టు తిరిగి ఆ రంధ్రంలోంచే ఊపిరితిత్తులకు పోతాండాది. శానామంది బిడ్డలకు ఆ రంధ్రమే జబ్బు. మన బిడ్డకు అదే ప్రాణం. ఆపరేషన్ చేసి వేరే దోవ పెట్టేదాకా అది తెరుచుకోనే ఉండాల. నువ్వు ఉపాసముండి దేవుణ్ని ఏమడుగుతాండావో తెలుసా? నా బిడ్డ ఊపిరి మూయమని."

"నన్నా అంత మాట అంటావు?" రాహేలమ్మ చెయ్యెత్తింది.

ఆ అరుపులకు పాప గుక్కపెట్టింది. చూస్తుండగానే పెదాలూ గోళ్లూ నేరేడుపండు రంగుకు తిరిగాయి, ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. డాక్టరమ్మ నేర్పినట్టు ప్రసన్న పాప మోకాళ్లు మడిచి రొమ్ముకు ఆనించి, కదలకుండా పట్టుకుంది. ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయింది రాహేలమ్మ. కాసేపటికి పాప సన్నగా మూలిగింది, రంగు కొంచెం తేరుకుంది.

రాహేలమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఈ సంగతి నీకు తెలుసునా?"

"నువ్వు శానా సంతోషంగా ఉంటివి మా. చెప్పలేకపోతి."

"నా సంతోషం కోసం బిడ్డ ఊపిరి మూస్తావా? సిగ్గులేదా నీకు? నిలబడి చూస్తాండావేం, పో. కారు పిల్చకరా."

అతను చొక్కా తొడుక్కుంటూనే పరుగెత్తాడు. రాహేలమ్మ కోడలి పక్కన కూలబడి పాప పాదం పట్టుకుంది. ఆ పాదం చల్లగా ఉంది. "అడిగింది నేనే గదమ్మా, ఈ నోటితోనే" అని కుళ్లికుళ్లి ఏడ్చింది. ప్రసన్న ఓదార్చలేదు. అంత త్వరగా చల్లారే కోపం కాదది. కానీ పాదం వెనక్కి లాక్కోనూ లేదు.

కారు వచ్చేసరికి పాటల పుస్తకాలతో ఆడవాళ్లు వాకిట్లో నిలబడి ఉన్నారు. రాహేలమ్మ కన్నీళ్లు తుడుచుకోకుండానే గడప దాటింది.

"నిన్న నేను చెప్పిన సాక్ష్యం తప్పు. సగం మాట ఇని చెప్పినా. మీ ఇండ్లకు పోయి, ఆ రంధ్రం మూసుకోకూడదని ప్రార్థన చేయండి."

"మూసుకోకూడదనా?" శివకుమారి అయోమయంగా చూసింది.

"అవును. మూసుకుంటే మా పాప దక్కదు."

కారు ఊరు దాటింది. రాహేలమ్మ పాప రొమ్ము మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఎన్నో ఏళ్లుగా గలగలా ప్రార్థన చేసిన నోటికి ఈ రోజు మాటలు దొరకడం లేదు.

"ప్రభువా, నాకు తెలీక అడిగినా. ఆ మాట వినొద్దు. మూయొద్దు నాయనా. తిరుపతికి చేరేదాకా తెరిచే పెట్టు."

అత్త ప్రార్థనలో గొంతు కలపడం ప్రసన్న ఏనాడో మానేసింది. ఇప్పుడు ఆమె చేతిమీద తన చెయ్యి పెట్టి "ఆమేన్" అంది.