పాప నాయన పేరు

1963 మార్చి 4, ఉదయం ఆరు గంటలకు దుగరాజపట్నం ఒడ్డున కాంపౌండర్ ఏసుమణి శవం దొరికింది. మెడ మీద సూది గుర్తు ఉంది. ఏసుమణి కాంపౌండర్ కాదు, సీక్రెట్ సర్వీస్ మనిషి.

మర్నాడు అతని స్థానంలో ఏజెంట్ ఖాజా మొహిద్దీన్ తెల్లకోటు తొడుక్కుని రక్తపరీక్షల క్యాంపులో చేరాడు. మద్రాసులో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ చిన్నది.

"ఆ తీరంలో సబ్‌మెరీన్ ఎక్కడిదాకా రాగలదో ఎవరో ఫోటోలు తీసి విదేశీ ముఠాకు చేరవేస్తున్నారు. అనుమానం డాక్టర్ హెబ్రోను మీద. శాంపిల్స్ పేరుతో ఫ్లాస్కులు బయటికి పంపుతాడు."

"నిజంగా ఆ పని డాక్టరుదేనా?"

"అది నువ్వే తేల్చు. లోపల మన మనిషి ఒకామె ఉంది. నర్సు సామ్రాజ్యం. 'ఐసు కరిగిందా' అని అడుగు. 'ఉప్పు చాల్లేదు' అంటుంది."

నైలాన్ చీర, నల్లకళ్లద్దాలతో ఉన్న సామ్రాజ్యం ఆ మాటే అన్నది. తర్వాత గొంతు తగ్గించింది.

"థలసీమియా సర్వే వట్టి వేషం ఖాజా గారూ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ బిడ్డకు చేరితే హిమోగ్లోబిన్ తయారు కాదట. ఆ వంకతో ఇంటింటికీ నన్ను పంపి చుట్టరికాలు అడిగిస్తాడు. తను మాత్రం పడవెక్కుతాడు."

"సాక్ష్యం?"

"మాలకొండమ్మ, డేరాలో ఉన్న జబ్బు పిల్ల తల్లి. 'మా ఆదెయ్య రోజూ డాక్టరును లోతుకు తీసకపోతుండాడు' అని తన నోటితో నాకు చెప్పింది. పదింటికి లాంచి వస్తుంది. ఈలోగా అతన్ని పట్టుకోండి."

ఖాజా బేడీలు జేబులో వేసుకుని డేరాలోకి వెళ్లాడు. మంచం మీద మాలకొండమ్మ కూతురు, ఆరేళ్ల కామమ్మ, పాలిపోయి పడుకుని ఉంది. కడుపు ఉబ్బి ఉంది. డాక్టర్ హెబ్రోను సూదులు మరిగిస్తున్నాడు.

"రక్తం ఎక్కించకపోతే ఈ రాత్రి దాటదు. తల్లికీ తండ్రికీ లోపం ఉంది, వాళ్ల రక్తం పనికిరాదు. కలిసింది సామ్రాజ్యం గ్రూపు ఒక్కటే. ఆమెను పిలవండి."

ఇతన్ని తీసుకుపోతే సూది పెట్టేవాడుండడు. ఖాజా కేసు చీటీ తీసుకుని తల్లివైపు తిరిగాడు.

"పాప నాయన పేరేందమ్మా?"

మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్నడగతావేంది కాంపౌండరన్నా! మా అమ్మనడుగు."

బయటనుంచి ముసలమ్మ కేకేసింది. "పెండ్లైనకాడ్నించి దాని నోట ఆ పేరు రాలేదు నాయనా! ఆదెయ్య. నా తమ్ముడే."

డాక్టరు నవ్వాడు. "ఇక్కడ ఏ ఆడమనిషీ భర్త పేరు పలకదండీ. ప్రతి పేరూ పక్కవాళ్లను అడిగి రాసుకున్నాను. ఇల్లిల్లూ తిరిగింది నేనే. సామ్రాజ్యం ఒక్క గడప తొక్కలేదు, ఎప్పుడు చూసినా ఒడ్డునే ఉంటుంది."

'మా ఆదెయ్య' అని మాలకొండమ్మ తన నోటితో చెప్పిందన్నది అబద్ధం. ఖాజా ఒడ్డుకు పరుగెత్తాడు. లాంచి వచ్చి ఆగి ఉంది. సామ్రాజ్యం ఫ్లాస్కు పట్టుకుని మోకాలిలోతు నీళ్లలో నడుస్తోంది. అతను చెయ్యి పట్టుకున్నాడు. ఆమె రెండో చేతిలో సిరంజి లేచింది. మణికట్టు మెలితిప్పితే అది నీళ్లలో పడింది. కుడిచేతికి బేడీ వేశాడు. ఫ్లాస్కులో రక్తం గొట్టాల మధ్య ఫిల్ము రోలు దొరికింది.

"నన్ను పట్టుకుపోతే ఆ పిల్లకు రక్తం ఎవరిస్తారు?" అంది సామ్రాజ్యం. "ఒక సీసా ఇస్తాను. తర్వాత నన్ను లాంచి ఎక్కనివ్వండి."

"కుదరదు."

"అయితే పిల్ల చస్తుంది."

ఖాజా ఆమెను ఒడ్డుకు లాక్కొచ్చాడు. అతను ముందే చెప్పి ఉంచిన పోలీసు జీపు దిబ్బ మీదికి ఎక్కింది. దాన్ని చూసి లాంచి వెనక్కి తిరిగింది. సామ్రాజ్యం అది పోయినవైపు చూస్తూ నిలబడింది.

మాలకొండమ్మ ఒడ్డుకు పరుగెత్తుకొచ్చింది. "నర్సమ్మా, బిరాన రా తల్లీ! డాక్టరు నీ కోసమే చూస్తుండాడు."

సామ్రాజ్యం డేరాలోకి వెళ్లి రెండో మంచం మీద పడుకుంది. ఎందుకు ఒప్పుకుందో తర్వాత వాంగ్మూలంలోనూ చెప్పలేదు. కుడిచేతి బేడీ రెండో కొసను ఖాజా మంచం కోడుకు తగిలించాడు. ఆమె ఎడమ చెయ్యి చాపింది.

పదకొండు గంటలకు కామమ్మకు రక్తం ఎక్కడం మొదలైంది. జీపు బయట ఆగి ఉంది.