చెక్క దుప్పి

చెకుముకి తుపాకిని నాలా నింపగలిగే తెలుగువాడు ఈ స్కాట్లండ్ మొత్తంలో ఇంకొకడు లేడు. గొప్పలు కాదు, లెక్క చెబుతున్నాను. ఆ పని తెలిసిన తెలుగువాళ్ళం ఇక్కడ ముగ్గురమే. పార్థసారథి అంకుల్‌కి చేతులు వణుకుతాయి. అచ్యుత్ పోయాడు. ఇక మిగిలింది నేను. పోటీకి ఎవరూ లేనప్పుడు ఫస్టు రావడం నాకు స్కూల్ నుంచీ అలవాటే.

అంకుల్ ఎడిన్‌బర్గ్‌లో చాలా ఏళ్ళు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. పాత తుపాకుల క్లబ్బులో మెంబరు. సిటీ బయట, బస్సు ఆఖరి స్టాపు దాటి కాస్త నడిస్తే, పైన్ చెట్ల మధ్య ఆ క్లబ్బు మైదానం. ఇలాంటి తుపాకితో నిజం దుప్పిని కొట్టడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. అందుకని మైదానం చివర ఒక చెక్క దుప్పి నిలబడి ఉంటుంది. నన్నూ అచ్యుత్‌నీ మొదటిసారి తీసుకెళ్ళిన రోజు అంకుల్ బల్ల మీద మూడు తుపాకులు పరిచి, ఎంచుకోమన్నారు. ఒకటి పొట్టిది, తేలిక. ఒకటి సన్నగుండుది, గురి బాగా కుదురుతుందట. మూడోది లావుగుండుది, గొట్టం ఎంత పొడుగంటే, పక్కన నిలబడితే అచ్యుత్ దాని తమ్ముడిలా ఉన్నాడు. వాడు దాన్నే పట్టుకుని, ఆనక తన పేరుమీద కొనుక్కున్నాడు.

"దుప్పి మీదికి వెళ్ళేవాడికి లావుగుండు కావాల్రా చక్రీ."

"అది చెక్కదిరా."

"ఆ సంగతి దానికి తెలీదుగా."

రెండేళ్ళు కాల్చాడు. ఒక్కసారీ తగల్లేదు. గుండుకి చుట్టే గుడ్డముక్కని నోట్లో పెట్టుకుని తడిపేవాడు. ఆ నోట్లో ఎప్పుడూ సోంపే. కాల్చాక అది గుండు వెనకే ఎగిరి పడేది. మైదానంలో ఎక్కడ గుడ్డముక్క దొరికినా వాసన చూసి అది వాడిదో కాదో చెప్పొచ్చు. ఒకసారి నేను గొట్టంలో తుపాకిమందు పోయకుండానే గుండు కూరేశాను. లోపల ఇరుక్కుపోతే అంకుల్ స్క్రూ పెట్టి లాగాల్సి వచ్చింది. అప్పటినుంచి నేను తుపాకి పట్టుకున్న ప్రతిసారీ అచ్యుత్ వెనక చేరి, చెవిలో మెల్లగా అడిగేవాడు.

"మందు పోశావా?"

2013 నవంబరులో మంచు పేరుకున్న రోడ్డు మీద వాడి కారు జారింది.

మనిషితోపాటే లైసెన్సూ పోతుంది. సోమవారం వాడి తుపాకిని డీలర్‌కి ఇచ్చేయాలి. ఆదివారం ఒక్క గుండు కాలుద్దామని మధులిక వదినే అడిగింది. అచ్యుత్ భార్య. హాస్పిటల్లో నర్సు. ఆదివారం పొద్దున డ్యూటీ లిస్టులో ఆమె పేరే ఉండడంతో మేం మైదానం చేరేసరికి మూడున్నర. డిసెంబరులో ఇక్కడ మూడున్నర అంటే సందె చీకటి.

"తను పిలిచినప్పుడల్లా షిఫ్టు ఉందనేదాన్ని," అంది వదిన నడుస్తూ. "దుప్పిని కొట్టిన రోజు వస్తాలే అనేదాన్ని. కొట్టలేడని ధైర్యం."

నేను ముందు నడుస్తూ ఆమె కోసం మంచు తొక్కి దారి చేశాను.

మంచు కప్పిన చెట్లు కదలడం లేదు. తడిసిన బెరడు వాసన. ఎక్కడో దూరంగా కాకి ఒకటి అరిచి ఊరుకుంది. చీకట్లో కనబడాలని దుప్పి మెడలో సైకిల్ లైటు కట్టాను. దానికి పెళ్ళికళ వచ్చిందన్నాను. వదిన సగం నవ్వింది. ఆ సగం కోసమే వచ్చాను నేను. ఈ ఒక్క గుండూ తగిలితే మిగతా సగం కూడా చూడొచ్చేమోనని ఆశ.

అంకుల్ తుపాకి తీశారు. గొట్టంలోకి కడ్డీ దించి చూపించారు. ఆ కడ్డీ మీద అచ్యుత్ చాకుతో గీసుకున్న గీతలు రెండు. గొట్టం ఖాళీగా ఉంటే కడ్డీ పై గీత దాకా మునుగుతుంది. మందూ గుండూ సరిగ్గా పడితే కింది గీత దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడు పై గీత దాకా మునిగింది.

"ఖాళీ," అన్నారు అంకుల్. "ఇక నీదే, నాయనా."

ఇత్తడి కొలతడబ్బీలో ఒక్క గుండుకి సరిపడా మందు నింపి మూత పెట్టాను. అంతలో వదిన దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. అరచేతిలో చిన్న గుడ్డముక్క. నీలి గళ్ళది.

"తన చొక్కాదే. దీంతో చుడతావా?"

అందుకున్నాను. ఆమె వేళ్ళు మంచుకంటే చల్లగా ఉన్నాయి. గుడ్డని రెండు చేతుల్లోకి తీసుకుని మడతలు సరిచేశాను.

అప్పుడు... చెవి వెనక... వెచ్చగా...

"మందు పోశావా?"

"పోశాన్రా," అనేశాను. అలవాటు.

వదిన తలెత్తింది. "ఎవరితో, చక్రీ?"

అంకుల్ ఎక్కడో దూరంగా బల్ల దగ్గర ఉన్నారు. వదిన నా ఎదురుగా ఉంది. నా వెనక ఎవరూ లేరు. నేను తిరిగి చూడలేదు... చూడలేకపోయాను.

సన్నగా ఏదో జారిన చప్పుడు. పొడి ఇసుక జారినట్టు. కొమ్మల మీది మంచు అనుకున్నాను.

గుడ్డని తడపాలి. నోరు ఎండిపోయి ఉంది. పొడిగానే గుండుకి చుట్టి కూరాను. కడ్డీ దిగింది... కింది గీత దగ్గర ఆగింది. సరిగ్గా. తుపాకి పక్కనుండే చిన్న పళ్ళెంలో, మందు సీసాలోంచి చిటికెడు వేసి మూత మూశాను. రాయి బిగించిన సుత్తిని వెనక్కి లాగాను.

సోంపు వాసన.

"వదినా, నీకేమైనా..."

"వస్తోంది," అంది ఆమె గుసగుసగా. "కాల్చు. ఆగకు."

తుపాకి బరువు తగ్గింది. గొట్టం చివర ఎవరో చెయ్యి ఆనించినట్టు. లైటు వెలుగులో దుప్పి ఛాతీ కనబడింది. ట్రిగ్గర్ నొక్కాను.

నిప్పురవ్వ. మంట. చెవులు దిమ్మెక్కాయి. పొగ మధ్యలోంచి టక్... చెక్కమీద దెబ్బ.

దుప్పి ఛాతీలో, నట్టనడుమ, రంధ్రం. అంకుల్ దాంట్లో వేలు పెట్టి చూశారు. వదిన గుండు వెళ్ళిన దారిలో పడున్న నీలి గళ్ళ గుడ్డని వెతికి తీసింది. అంచులు కమిలి ఉన్నాయి. మధ్యలో తడి. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఏడ్చింది. వాడు పోయాక ఆమె ఏడవగా చూడడం అదే మొదటిసారి.

"ఎంత బాగా నింపావు చక్రీ," అంది. "అచ్చం తను నేర్పినట్టే."

ఇప్పటికీ ఎవరు కలిసినా ఆ మాటే చెబుతుంది. నేను తల ఊపుతాను. తెలుగువాళ్ళలో నన్ను మించినవాడు లేడని నేనే ముందు అంటాను.

ఆ సాయంత్రం బస్సెక్కుతూ పాస్ కోసం జేబులో చెయ్యి పెట్టాను. వేళ్ళకి ఇత్తడి తగిలింది. కొలతడబ్బీ. మూత తీసి చూశాను. అంచుదాకా నిండుగా ఉంది.

ఆ రోజు కూడా నేను మందు పోయలేదు.