నీలం చుక్క పడిన పేర్లు

"మళ్లీ చంపేశారు కదా మీరు!" అంటూ ఆమె పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

బైండింగ్ షాపు కుర్రాడు జిగురు కుంచె పట్టుకున్న చేయి ఆపి తలెత్తాడు. "ఎవర్నండీ?"

"కోటలో దివిటీలు వెలిగించే ముసలాయన్ని. కథ మొదట్లోనే ఆయన పేరు కింద నీలం చుక్క. సగం పుస్తకం అయ్యాక ఎవరో ఆయన్ని బావిలోకి తోసేస్తారు. చుక్క చూడగానే లెక్కల మాస్టారికి సంగతి అర్థమైపోయింది. మా నాన్న ముందు పుస్తకం విసిరికొట్టినంత పని చేశారు."

వాళ్ల ఇంటి ముందు గదే లైబ్రరీ. వాళ్ల నాన్న పుస్తకాలు అద్దెకిస్తారు. పాత రాజుల కాలంలో జరిగిన హత్యల మీద వచ్చే నవలలంటే అక్కడి మెంబర్లకి ప్రాణం. కొత్తగా వచ్చినవాటిలో బాగున్నవి ఏరి, తలుపు పక్కన 'చదవదగ్గ కొత్తవి' అన్న అరలో పెట్టడం ఆమె పని. అరలోకి వెళ్లేముందు ప్రతి పుస్తకానికీ గట్టి అట్ట వేయాలి. అందుకని అన్నీ ముందు ఈ షాపుకే వస్తాయి.

ఈమధ్య ఆ పుస్తకాల్లో కొన్ని పేర్ల కింద చిన్న నీలం చుక్కలు కనిపిస్తున్నాయి. చుక్క పడిందంటే ఆ మనిషి పోతాడని మెంబర్లు కనిపెట్టేశారు. ఇంక చదవడానికేముంది?

"చూడండి జిగురు గారూ," అంది ఆమె. ఎప్పుడూ నవ్వుతూ అనే మాటే. ఈసారి నవ్వలేదు. "మాకంటే ముందు ఆ పుస్తకాలు చేరేది మీ చేతికే. జిగురు ఆరేలోపు చదివేస్తానని మీరే గొప్పలు పోయారు."

"చదివితే చంపినట్టేనా?"

"మరి చుక్కలు ఎవరు పెట్టారు?"

అతను కుంచెకున్న జిగురుని గిన్నె అంచుకి తుడిచాడు. చెవులు ఎర్రబడ్డాయి. కిందటిసారి 'ముత్యాల ఓడ' నవలలో వంటవాడు అమాయకుడా కాదా అని ఆమెతో వీధి చివరిదాకా వాదించుకుంటూ వచ్చిన మనిషి. మాటకి మాట అంటించకుండా ఊరుకునే రకం కాదు. ఇవాళ మాత్రం నేల చూస్తున్నాడు.

"రేపు సాయంత్రం మెంబర్లందరి ముందూ మిమ్మల్ని అడుగుతానన్నారు నాన్న. తేలకపోతే పుస్తకాలన్నీ వేరే షాపుకి పంపించేస్తారట."

"అయితే నేనే అని చెప్పేయండి."

"మీరేనా?"

"నేనే అనుకోమనండి."

"అనుకోవడం వేరు, చేయడం వేరు!"

అతను కుంచె జిగురులో ముంచాడు. ఆమె గిరుక్కున తిరిగి వచ్చేసింది. కోపంతో వేగంగా నడిచింది. పుస్తకాలు ఆ షాపుకి వెళ్లకపోతే అతనూ ఇంటికి రాడు. ఆ సంగతి తట్టాక కాళ్లు నెమ్మదించాయి.

ఇంటికొచ్చేసరికి ఇంకో కొత్త నవల వచ్చి ఉంది. రాజుగారి పటాలు గీసేవాడి కూతురు, తండ్రిని చంపిందెవరో అతను గీసిన పటాల్లోనే వెతుక్కునే కథ. దాన్ని షాపుకి పంపలేదు ఆమె. అట్టలు వేయించిన పుస్తకాలు పెట్టే లోపలి గది అల్మారాలో, వాటి మధ్యన దూర్చింది. అతను ముట్టని పుస్తకం ఇది. చుక్క పడకపోతే దొంగ అతనే. పడితే? అంతకుమించి ఆలోచించడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక పుస్తకం తెరిచింది. రెండో అధ్యాయంలోనే, పడవవాడి పేరు కింద నీలం చుక్క.

పుస్తకం టక్కున మూసేసింది. సంతోషమో భయమో తెలియలేదు. అతను కాదు. అయితే ఇంట్లోవాళ్లే!

పుస్తకం ఉన్నచోటే పెట్టేసి, తలుపు చాటున నిలబడింది. ఓపిగ్గా ఎదురుచూడటం ఆమెకి చిన్నప్పట్నుంచీ అలవాటే. కాసేపటికి గది మూలనున్న మంచం కిర్రుమంది. నిద్రపోతోందనుకున్న నానమ్మ లేచి, అల్మారా తీసి, అదే పుస్తకాన్ని పట్టుకుని చివర్నుంచి తిప్పింది. కుట్టుపని డబ్బాలోంచి గుడ్డ మీద గీతలు గీసే నీలం పెన్సిల్ తీసింది.

"నానమ్మా!"

"అమ్మో!" నానమ్మ పుస్తకాన్ని దిండు కింద తోసింది. తర్వాత నవ్వేసింది. "పట్టేశావే పిచ్చుకా."

"నువ్వా? హత్యల పుస్తకాలా? నీ బీపీకి టెన్షన్ పనికిరాదని డాక్టరు చెప్పాడని..."

"మీ నాన్న వాటిని ముట్టనివ్వడు. అందుకేనే ముందు చివర చదివేసేది. పోయేవాళ్లెవరో చూసుకుని చుక్క పెట్టుకుంటా. ఇంక వాళ్ల మీద మనసు పెట్టుకోను." పెన్సిల్ వేళ్ల మధ్య తిప్పింది. "మీ తాతయ్య అద్దం ముందు గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ పోయాడు. నాకెవరూ ముందు చెప్పలేదు."

ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. "ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"బైండింగ్ అబ్బాయికి తెలుసు. పుస్తకాలు లోపల పెట్టడానికి వచ్చి చూసేశాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. చుక్కలు మానేయండి అని బతిమాలాడు, పాపం."

"పాపమే! ఆ చుక్కలు అతనే పెట్టాడంటున్నారు నానమ్మా. సాయంత్రం అందరి ముందూ నిలబెడతారు. పుస్తకాలు వేరే షాపుకి పంపించేస్తారు."

"నాకెవరు చెప్పారు? టెన్షన్ పేరు చెప్పి ఈ ఇంట్లో నాకెవరూ ఏమీ చెప్పరు!"

నానమ్మ దిండు కింది పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టింది. గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రానికి వాన పట్టుకుంది. ముందు గది నిండా తడి గొడుగులు. నాన్న కుర్చీ పక్కన లెక్కల మాస్టారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆమె లోపలి తలుపుకి ఆనుకుని నిలబడింది. నిజం చెబితే నానమ్మకి ఆ పుస్తకాలు ఇంక అందవు. చెప్పకపోతే అతను ఈ గడప తొక్కడు.

అతను తడుస్తూనే వచ్చాడు. ఒక్కసారి ఆమెవైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"చూడు బాబూ," అన్నారు నాన్న. "చుక్కలు నువ్వే పెట్టావా?"

"అవునండీ. నే..."

"కాదు!"

గది మొత్తం ఆమెవైపు తిరిగింది. ఇంతమందిలో ఆమె గొంతు ఎప్పుడూ లేవలేదు.

"కాదని నీకెలా తెలుసమ్మా?" నాన్న అడిగారు.

ఆమె ఒకసారి లోపలి గదివైపు చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

వెనక చెప్పుల చప్పుడైంది. నానమ్మ కుట్టుపని డబ్బా తెచ్చి నాన్న బల్ల మీద పెట్టింది.

"ఆ చుక్కలు నావిరా. ఆ అబ్బాయిని కూర్చోబెట్టు, తడిసిపోయాడు."

"అమ్మా! నీ బీపీ..."

"చివరి పేజీ ముందే చదివేశాక ఇంక టెన్షనేంట్రా? డాక్టర్నే అడుగు!"

ముందుగా నవ్వింది లెక్కల మాస్టారే. తర్వాత ఆగలేదు గది. "అంతా బాగానే ఉందమ్మా," అన్నారు మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "కానీ మేం బతికున్నారనుకునేవాళ్లని కాసేపు బతకనివ్వండి."

నాన్న వాళ్లమ్మ మొహంలోకి చూశారు. తర్వాత సొరుగు లాగి కొత్త మెంబర్‌షిప్ కార్డు తీశారు. "నీ పేరు రాస్తున్నాను. చుక్కలు మాత్రం వేరే కాగితం మీద పెట్టుకో." అతనివైపు తిరిగి, "తప్పు నాదే బాబూ. పుస్తకాలు నువ్వే తీసుకెళ్లు," అన్నారు.

వాన తగ్గే సూచన లేదు. వరండాలో అతను పుస్తకాలని ప్లాస్టిక్ కవర్లో చుడుతున్నాడు.

"నాకైనా చెప్పొచ్చుగా," అంది ఆమె.

"ఒట్టేశానండీ. మీరు అనుమానించినా పర్వాలేదులే అనుకున్నా." కవరు అంచు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. "మీరు వెళ్లిపోయాక తెలిసింది, పర్వా ఉందని."

"జిగురు ఆరేలోపు నవల చదివేసేవారికి ఆ మాత్రం ముందే తెలియదా?"

"అది అబద్ధం. నేను చాలా నెమ్మదిగా చదువుతాను. తిండి తింటూ కూడా చదివి ఎలాగో పూర్తిచేస్తాను. పుస్తకం తెచ్చిచ్చేటప్పుడు మీతో పోట్లాడాలి కదా!"

ఆమెకి నవ్వాగలేదు. పటాలు గీసేవాడి నవల అతని చేతిలో పెట్టింది. "ఇది తొందరగా తెచ్చివ్వండి. పోట్లాటకి నేనూ సిద్ధంగా ఉంటాను."

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చింది. కిటికీ దగ్గర నానమ్మ. చేతిలో నీలం పెన్సిల్.

"ఏంటి నానమ్మా, అతనికీ చుక్క పెడతావా?"

"చివరి పేజీ చూస్తే కదే పెట్టడానికి!" నానమ్మ ఇంకాసేపు వానలోకి చూసింది. పెన్సిల్‌ని డబ్బాలో పడేసి మూత వేసింది.

"నువ్వు మనసు పెట్టుకో," అంది.